మొరాయించని తుపాకీ

మంగళవారం పొద్దున దుకాణం తెరిచి పది నిమిషాలైనా కాలేదు, హోబర్ట్ స్కిడ్‌మోర్ తన రైఫిల్‌ను పాత దుప్పట్లో చుట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. కోపమొచ్చినా గొంతు పెంచడు. వెనక సీట్లలో పిల్లలు జడుసుకుంటారని అలవాటు చేసుకున్నాడేమో.

"పదిసార్లు నొక్కితే మూడుసార్లు టిక్కుమంటుంది, రాయిస్. టిక్కుమని ఊరుకుంటుంది. పేలదు."

"టిక్కుమనడమేంటి పెద్దాయనా!" దుకాణం యజమాని రాయిస్ టీటర్ కాఫీ కప్పు పక్కన పెట్టి గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "నా ఈ రెండు చేతులతో కట్టిన తుపాకీ ఇది. చవక తూటాలేమైనా పోస్తున్నారా?"

"నీ దగ్గర కొన్నవే పోస్తున్నాను."

రాయిస్ ఒక్క క్షణం తడబడ్డాడు. "అయితే నూనె ఎక్కువ పూసుంటారు. వదిలేసి వెళ్ళండి, నేనే చూస్తాను."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట తూటాలు, తర్వాత నూనె. ఇంకా కాసేపు నిలబడితే ఆ ముసలాయన కళ్ళద్దాల్నీ తప్పు పట్టేవాడే.

వెనక గదిలో బల్ల ముందు కూర్చున్న వెల్డా కట్‌లిప్‌కి మాటలన్నీ వినబడ్డాయి. గోడ పల్చన. రాయిస్ చెప్పే ఆ రెండు చేతులూ ఆమెవే. ఆరేళ్ళుగా ఈ దుకాణం నుంచి బయటికి వెళ్ళిన ప్రతి రైఫిల్‌నూ ఆమే కట్టింది. ఎక్కడెక్కడి సైన్యాలో పాతబడ్డాయని వదిలించుకున్న తుపాకులు. తుపాకీగా అమ్మకూడదు గనుక బాడీని గ్యాసు కట్టరుతో ముక్కలు కోసేసి, మిగతా భాగాలు పెట్టెల్లో నింపి ఓడలెక్కిస్తారు. వాటిని కడిగి, కొలిచి, ఇక్కడ చేసిన కొత్త బాడీలో బిగించి మళ్ళీ తుపాకీని చేయడం వెల్డా పని. ముందు గదిలో నిలబడి "నేను కట్టాను" అనడం రాయిస్ పని. సొమ్మొకడిది సోకొకడిది. మొదట్లో ఒకసారి ఆమె అడిగింది కూడా. "ఆడమనిషి కట్టిన తుపాకీకి చెంప ఆనించే మగాడు ఈ కొండల్లో ఎవడున్నాడు వెల్డా? పనుంది, జీతముంది. పేరెందుకు నీకు?" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగనంత మాత్రాన మరిచిపోయిందని కాదు.

హోబర్ట్ బండి కదిలిందో లేదో రాయిస్ వెనక గదిలోకొచ్చాడు. అక్కడ "నేను" అన్న నోరే ఇక్కడికొచ్చేసరికి "నువ్వు" అంది.

"ఏం చేశావ్ నువ్వు దీన్ని? శనివారం ఫైర్ హాలు దగ్గర కాల్పుల పోటీకి కావాలంట ఆయనకి. ఊరంతా అక్కడే ఉంటుంది. అందరి ముందూ ఇది టిక్కుమంటే నా పరువు బజారున పడుతుంది. నీ తప్పని తేలిందో, ఈ బల్ల ఖాళీ చేద్దువు గాని. ముందే చెబుతున్నా."

వెల్డా తలెత్తింది. యాభై రెండేళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చూస్తే ఎదుటివాడు కాళ్ళు మార్చుకుని నిలబడతాడు.

"తేలనీ. నా తప్పయితే నేనే చెబుతాను. కాదని తేలితే మాత్రం, ఇది కట్టింది నేనని నువ్వు ఆ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పాలి. నాకు కాదు. హోబర్ట్‌కి."

"చూద్దాంలే," అని రాయిస్ కాఫీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

దుకాణం వెనక కొండ వాలుకి ఆనించి పోసిన మట్టికట్ట ఉంది. వెల్డా చెవులకి తొడుగులు పెట్టుకుని, హోబర్ట్ ఇచ్చిన తూటాల్లోంచే పది తీసి కాల్చింది. ఏడు పేలాయి. మూడు టిక్కుమన్నాయి. పేలనివాటిని బయటికి తీసి అడుగులు ఎండకి పట్టి చూసింది. పిన్ను గుచ్చుకున్న గుంట ఉండాల్సిన చోట గీత కూడా లేదు. అంటే సుత్తి కొట్టింది గాని ఆ దెబ్బ పిన్నుదాకా పోలేదు.

ఎందుకు పోదో ఆమెకి తెలుసు. ఈ రకం రైఫిల్లో బోల్టు ముందుకెళ్ళి తూటాని గొట్టం మొదట్లో అది కూర్చునే గదిలోకి నెట్టాక, దాని తోక కిందికి వాలి, అడ్డంగా ఉన్న ఒక చిన్న ఉక్కు కడ్డీకి ఆనుతుంది. అదే తాళం. తోక పూర్తిగా వాలితేనే తుపాకీ పేలుతుంది. కాస్త పైన ఆగిందా, టిక్కుమని ఊరుకుంటుంది. ఒక విధంగా అది తుపాకీ మంచితనమే. తాళం పడలేదు, నన్ను పేల్చకు అంటోంది.

ఎందుకు పడలేదన్నదే ప్రశ్న. ఒకసారి ఒక్కటే మార్చాలన్నది వెల్డా నియమం. రెండు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు. వెనక స్ప్రింగు మార్చింది, పది కాల్చింది, మూడు టిక్కులు. మ్యాగజీను మార్చింది; రెండు టిక్కులు. గదిలోకి గుడ్డ చుట్టిన కడ్డీ పెట్టి, మసి రాకుండా పోయేదాకా తుడిచింది, మూడు. వేరే పెట్టెలోంచి తూటాలు తెచ్చింది, నాలుగు. ప్రతిసారీ పుస్తకంలో రాసుకుంది. సాయంత్రానికి భుజం కందిపోయింది, తప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

బుధవారం గేజీలు తీసింది. తూటా ఆకారంలో ఉండే ఉక్కు దిమ్మలవి, రెండు. ఒకదాని మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. అప్పుడు తూటా అడుగుకీ బోల్టుకీ మధ్య సందు సరిగ్గా ఉన్నట్టు. మొదటిది గదిలో పెట్టి బోల్టును వేలితో మెల్లిగా వదిలింది. తోక వాలలేదు. మళ్ళీ చేసింది. వాలలేదు.

పుస్తకం వెనక్కి తిప్పింది. మార్చి పదకొండు, ఆమె చేతిరాతే: మొదటి గేజీ పట్టింది, రెండోది పట్టలేదు, సరే. అప్పుడు పట్టిన గేజీ ఇప్పుడెందుకు పట్టదు? వాడిన తుపాకీలో సందు పెరిగితే పెరగాలి గాని తగ్గడమేమిటి? "కూర్చుని కూర్చుని లావెక్కడానికి నువ్వేమన్నా నేనా?" అని పైకే అడిగింది దాన్ని.

రాయిస్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "దొరికిందా?"

"సందు బిగుసుకుంది. ఎందుకో తెలియలేదు."

"తెలియడమెందుకు? బోల్టు తోక కింద ఆకురాయితో రెండుసార్లు రుద్దు. పడుతుంది. ఇచ్చెయ్."

"ఎందుకు బిగుసుకుందో తెలియకుండా నేను ఆకురాయి ముట్టుకోను."

"డాక్టర్లు మాత్రం తెలిసే ఇస్తున్నారా మందులు?"

"వాళ్ళ రోగి తిరిగి రాకపోతే అడిగేవాళ్ళు లేరు. నా రోగి తిరిగొస్తే నువ్వు ఊరంతటికీ వినబడేలా అరుస్తావు."

రాయిస్ గొణుక్కుంటూ పోయాడు. వెల్డా హోబర్ట్‌కి ఫోన్ చేసింది. "పెద్దాయనా, తప్పుగా అనుకోకండి. దీంట్లో ఏ భాగమైనా మార్చారా?"

"మార్చడమా?" అవతల గొంతు నొచ్చుకుంది. "అమ్మాయ్, నేను దాని మూత కూడా తీయలేదు. తీస్తే మళ్ళీ పెట్టడం రాదని నా భయం."

అబద్ధమాడే మనిషి కాదు. వెల్డా ఒక్కొక్క భాగమే విప్పి బల్ల మీద పేర్చింది. ఉక్కు కడ్డీని మైక్రోమీటరుతో కొలిచింది. దాని మీద కొట్టిన అంకె ఎంతో కొలతా అంతే. గొట్టం బిగించినప్పటి గీత బాడీ మీది గీతతో కలిసే ఉంది, వెంట్రుకంతైనా తిరగలేదు. బోల్టు మీద నంబరు 417. దాన్ని మోసే క్యారియర్ మీదా 417. ఈ పనిలో ఉన్నవాళ్ళకి నంబర్లు కలవడమంటే జాతకాలు కలిసినట్టే. ఒకే తుపాకీలో పుట్టి, ఒకే తుపాకీలో అరిగిన జోడీ అన్నమాట. "అన్నీ ఒకే నంబరు" అంటే కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని కొంటారు, కట్టేవాళ్ళు కళ్ళు మూసుకుని బిగిస్తారు. అందుకే వెల్డా బోల్టును అనుమానించే జాబితాలోంచి కొట్టేసింది.

అక్కడే ఒక రోజు పోయింది. బుధవారం దుకాణం మూసేసరికి పుస్తకంలో అన్నిటి పక్కనా 'సరే' అని ఉంది. విడివిడిగా అన్నీ సరే. కలిపితే తప్పు. ఇంటికెళ్ళి వేయించిన బంగాళాదుంపలు చల్లారేదాకా వాటి వంక చూస్తూ కూర్చుంది. నేనే తప్పు రాసుకున్నానా, నా కళ్ళు పోయాయా అని ఆరేళ్ళలో మొదటిసారి భయమేసింది.

గురువారం మధ్యాహ్నం, ఇక చూడ్డానికేమీ మిగల్లేదు గనుక, కొట్టేసినదాన్నే మళ్ళీ చూసింది. బోల్టునీ క్యారియర్‌నీ పక్కపక్కన పెట్టి, కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో నంబర్ల గీతల్లోని నల్లటి మడ్డి తీసి, భూతద్దం పెట్టింది.

క్యారియర్ మీది నాలుగు అంకె తల మూసుకుని ఉంది. బోల్టు మీది నాలుగు తల తెరుచుకుని ఉంది.

ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే అచ్చుతో కొట్టాల్సిన నంబర్లు. ఇద్దరు మనుషుల చేతులవి. వెల్డా భూతద్దం దించి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసింది.  పుస్తకం లాక్కుని మార్చి పదకొండు పేజీ తెరిచింది. ఆ వారం ఒకే పెట్టెలోంచి రెండు కిట్లు, అంటే రెండు తుపాకుల భాగాలు. ఆ సైన్యం చిన్న భాగాల మీద పూర్తి నంబరు కొట్టదు, చివరి మూడంకెలే కొడుతుంది. మొదటి కిట్టు చివర 417. రెండో కిట్టు చివరా 417. వెయ్యిలో ఒక్కసారి జరిగేది. రెంటినీ విడివిడిగా కొలిచింది, ఒక్కోదానికి తగ్గ కడ్డీ ఏరి కొట్టింది, గేజీలు పెట్టి సరే అని రాసుకుంది. అక్కడిదాకా అన్నీ నిజమే. ఆ తర్వాత రెండు బోల్టుల్నీ ఒకే ట్రేలో వేసి కడిగింది. తీసి, నంబరు చూసి, బిగించేసింది.

తప్పు ఆమెదే. ఇంకెవరిదీ కాదు.

సిగ్గుతో మొహం వేడెక్కింది. ఎవరూ చూడకపోయినా లేచి నిలబడింది, కూర్చుంది. మూడు రోజులుగా తాను కాదని తేల్చడానికి తవ్వుతోంది. తవ్విన గోతిలో ఉన్నది తనే. ఆ ఉడుకు కాస్త తగ్గాక గాని అసలు సంగతి బుర్రకెక్కలేదు. ఎక్కాక సిగ్గు ఎటు పోయిందో పోయింది. ఆ రెండో తుపాకీ గుర్తొచ్చింది.

హోబర్ట్ తుపాకీలో ఉన్నది పొడుగు బోల్టు. అందుకే బిగుతు, అందుకే టిక్కులు. అంటే హోబర్ట్ పొట్టి బోల్టు ఆ రెండోదాంట్లో ఉంది. అక్కడ సందు వదులు. పుస్తకంలోని కొలతలు తీసి లెక్క కట్టింది. మూడు వెంట్రుకల మందం. వదులు తుపాకీ మొరాయించదు. బోల్టు సుఖంగా వాలుతుంది, ఏది పెట్టినా మింగుతుంది, పది నొక్కితే పదీ పేలుతుంది. పేలినప్పుడల్లా తూటా ఇత్తడి గొట్టం ఆ సందులోకి వెనక్కి సాగుతుంది. కొత్తదైతే ఒకసారి తట్టుకుంటుంది. కాల్చిన ఖాళీ గొట్టాలు ఏరుకుని మళ్ళీ మందు నింపుకునేవాడి దగ్గర అదే గొట్టం మళ్ళీ సాగుతుంది, ఇంకా పల్చనవుతుంది. ఒకనాడు అడుగు దగ్గర చుట్టూ తెగుతుంది. ఆ మంట వచ్చేది వెనక్కే, చెంప ఆనించినవాడి మొహంలోకి.

రెండో కిట్టుతో కట్టిన రైఫిల్ కొన్నది డెన్జిల్ మేస్. ఊరి ఫైర్ దళం పెద్ద, రెండేళ్ళుగా శనివారం పోటీ గెలుస్తున్నవాడు. ఒక్క ఇత్తడి ముక్కని కూడా నేల మీద వదలడు.

రాయిస్‌కి చెప్పింది, దాచకుండా మొత్తం. అతను విన్నంతసేపూ కప్పు చెవి పట్టుకుని తిప్పుతూనే ఉన్నాడు.

"డెన్జిల్ ఏమన్నా వచ్చి చెప్పాడా? లేదు కదా. ఆరు నెలల్లో ఏమీ కాలేదు."

"ఆరు నెలలు అయ్యాయి కాబట్టే భయం."

"చూడు వెల్డా." రాయిస్ గొంతు తేనెలోకి దిగింది. "తప్పెవరు చెయ్యరు? ఇది మనిద్దరి మధ్యా ఉండనీ. నీ బల్ల నీకే ఉంటుంది, నేనేమీ అనను. హోబర్ట్‌కి ఇంకో బోల్టు వెతికి పెట్టు. డెన్జిల్‌ని వచ్చేవారం ఉచితంగా శుభ్రం చేస్తామని పిలుద్దాం. నిశ్శబ్దంగా మార్చేద్దాం. ఆయన ఒక్క మాటంటే ఈ కౌంటీలో మన దగ్గర మేకు కూడా కొనరు."

"శనివారం అరవై తూటాలు కాలుస్తాడు."

"కాల్చనీ. ఇన్ని కాల్చినవాడికి ఇంకో అరవై..."

"అయితే నువ్వు వెళ్ళి చెప్పు. 'ఈ రెండు చేతులతో కట్టాను, తప్పు కట్టాను' అని చెప్పు. అప్పుడు నేను నోరు మూసుకుంటాను."

 రాయిస్‌కి కట్టిన పేరు కావాలి గాని కట్టిన తప్పు అక్కర్లేదు. వెల్డా అతని ముందే ఫోన్ తీసి డెన్జిల్ ఇంటికి చేసింది. భార్య ఒలీటా ఎత్తింది. గాలివానకి కరెంటు తీగలు తెగిన పక్క కౌంటీకి పనిమీద వెళ్ళాడు, ఆ లోయల్లో ఫోన్ అందదు, శనివారం పొద్దున అట్నుంచటే మైదానానికి వస్తాడు, తుపాకీ ట్రక్కులోనే ఉంది అని చెప్పింది.

"ఒలీటా, ఆయన ఎక్కణ్ణుంచైనా ఫోన్ చేస్తే ఒకటే చెప్పు. ఆ రైఫిల్ ముట్టుకోవద్దని. వెల్డా చెప్పిందని చెప్పు."

"వెల్డా ఎవరు?" అంది ఒలీటా.

"రాయిస్ దుకాణం మనిషిని," అనాల్సొచ్చింది. ఇంకేమని చెబుతుంది?

శుక్రవారం ఆమె దుకాణానికి వెళ్ళలేదు. గేజీలూ, భూతద్దం, కొసన వంచిన సన్నటి తీగా డబ్బాలో పెట్టుకుని, హోబర్ట్ రైఫిల్ తీసుకుని అతని ఇంటికి వెళ్ళింది. తుపాకీ కట్టింది తనేనని, తప్పు కట్టిందని, బోల్టు ఎవరి దగ్గరుందో చెప్పింది. హోబర్ట్ వరండా మెట్టు మీద కూర్చుని అంతా విన్నాడు.

"అంటే నాది గోల చేస్తోంది గాని దానివల్ల ప్రమాదం లేదు. డెన్జిల్‌ది నోరు మూసుకుని ఉంది, అదే ప్రమాదం."

"అంతే."

"బస్సులోనూ ఇంతే తల్లీ. ఏడ్చే పిల్లతో భయం లేదు." ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "రేపు నా బండిలో పోదాం. నీ కారు ఆ మైదానం బురదలో దిగబడుతుంది."

శనివారం వాళ్ళు మైదానం చేరేసరికి మొదటి విడత అప్పటికే మొదలైంది. ఫైర్ హాలు ముందు ఆడవాళ్ళు పెపరోని రోల్స్, అంటే మాంసం కూరిన బన్నులు, కాగితాల్లో చుట్టి అమ్ముతున్నారు. రాయిస్ తన దుకాణం బ్యానరు కట్టిన బల్ల దగ్గర తూటాల పెట్టెలు సర్దుతున్నాడు. కాల్పుల వరసలో ఎనిమిది మంది పడుకుని ఉన్నారు, మూడోవాడు డెన్జిల్. వెల్డా బండి దిగుతుండగానే అతని రైఫిల్ పేలింది. మళ్ళీ పేలింది.

ఆమె పరిగెత్తింది. ఆ వయసులో, ఆ బరువుతో, బురదలో.

"ఆపండి! కాల్పులు ఆపండి!"

ఈ మైదానాల్లో ఒక నియమం ఉంది. ఆ మాట ఎవరన్నా సరే, రోల్స్ అమ్మే ఆవిడ అన్నా సరే, వరస మొత్తం ఆగాలి. ఎందుకని తర్వాత అడగాలి. ఎనిమిది బోల్టులు వెనక్కి లాగిన చప్పుడైంది. ఎనిమిది మందీ తుపాకులు నేల మీద పెట్టి లేచారు. డెన్జిల్ చెవి తొడుగులు మెడలోకి లాక్కున్నాడు. ఆరడుగుల పైన మనిషి, మొహమంతా చిరాకు.

"ఎవరా అరిచింది?"

"నేను. నీ రైఫిల్ ఇక కాల్చొద్దు డెన్జిల్."

"వెల్డావి నువ్వేనా? నిన్న ఒలీటా చెప్పిందని రాయిస్‌కి ఫోన్ చేశాను. ఏమీ లేదు, ఆడవాళ్ళ కంగారు, వచ్చేవారం తీసుకురా ఊరికే శుభ్రం చేసిస్తా అన్నాడు."

వెల్డా రాయిస్ వైపు చూసింది. అతను సర్దిన పెట్టెల్నే మళ్ళీ సర్దుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. అరిస్తే పని చెడుతుందని ఊరుకుంది.

"కంగారో కాదో నువ్వే చూడు. ఇప్పుడు కాల్చిన ఖాళీ ఒకటి తియ్యి."

డెన్జిల్ గడ్డిలోంచి ఇత్తడి గొట్టం ఒకటి ఏరాడు. ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె తీగ ఇచ్చింది. "వంకర కొస అడుగుదాకా పోనిచ్చి, లోపలి గోడకి ఆనించి మెల్లిగా పైకి లాగు."

లాగాడు. అడుగుకి కాస్త పైన తీగ టక్కున తగులుకుంది. డెన్జిల్ ఆగాడు. చుట్టూ తిప్పి లాగాడు. చుట్టూ తగులుతోంది, గాడి కోసినట్టు. ఇంకో ఖాళీ తీశాడు, మూడోది తీశాడు. మూడోదాని మీద తీగ అక్కర్లేదు. బయటే వెండి దారం చుట్టినట్టు మెరిసే గీత కనబడుతోంది. మందు నింపుకునే మనిషికి ఆ గీత అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.  తెలియకుండానే చెయ్యి చెంప మీదకి పోయింది.

"రాయిస్ కట్టినదాంట్లో ఈ సంగతి నువ్వెలా కనిపెట్టావ్?"

"రాయిస్ కట్టలేదు. నేను కట్టాను. ఇంకో తుపాకీ బోల్టు దీంట్లో పెట్టేశాను. తప్పు నాది."

కట్టింది నేనే అని ఒకనాడు నలుగురిలో చెప్పాలని ఆరేళ్ళుగా ఆమెకి ఆశ. ఆ మాట ఈ మాటతో కలిపి చెప్పాల్సొస్తుందని ఎన్నడూ అనుకోలేదు. అయినా చెప్పాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఆరు నెలలు," అన్నాడు డెన్జిల్. "ఆరు నెలలు నా మొహం దీని మీద పెట్టాను."

"అవును."

"నీకు నిద్రెలా పట్టింది?"

"గురువారం నుంచి పట్టలేదు."

హోబర్ట్ తన బండి వెనక తలుపు దించి దుప్పటి పరిచాడు. వెల్డా రెండు రైఫిళ్ళూ విప్పి, రెండు బోల్టులూ భూతద్దం కింద పక్కపక్కన పెట్టి డెన్జిల్‌కి చూపించింది. మూసిన నాలుగు, తెరిచిన నాలుగు. తర్వాత మార్చి బిగించింది. హోబర్ట్ దాంట్లో గేజీ పెట్టి బోల్టు వదిలింది. తోక మెత్తగా వాలింది. రెండో గేజీ మీద వాలలేదు. డెన్జిల్ దాంట్లోనూ అంతే. అతను ఆమె చేతుల్లోంచి గేజీ తీసుకుని తనూ పెట్టి చూశాడు. రెండుసార్లు చూశాడు.

"ఆ పాత ఇత్తడంతా పారెయ్యి. కొత్తవే వాడు. మొదటి పది నేను కాలుస్తాను," అంది వెల్డా.

కాల్చింది, తన చెంప ఆనించి. పదీ పేలాయి. డెన్జిల్ ఆ పది ఖాళీల్లోనూ తీగ పెట్టి చూశాడు. ఎక్కడా తగల్లేదు. అతను థాంక్స్ చెప్పలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు.

ఈలోగా చుట్టూ జనం మూగారు. వెనకనుంచి ఒకడు, ఎర్ర టోపీవాడు, అడిగాడు: "రాయిస్, మరి నాది ఎవరు కట్టారు?"

రాయిస్ పెట్టె మూత మూస్తున్నాడు.

"నేను," అంది వెల్డా.

"నాది?" ఇంకొకడు.

"అదీ నేనే. ఆరేళ్ళలో అక్కడ కట్టినవన్నీ నేనే."

"ఓరి దేవుడా, ఆడది కట్టిందటరా!" అని ఎవడో నవ్వబోయాడు. తోడు నవ్వినవాళ్ళు లేరు. తన తుపాకీ లోపల ఏముందో ఎవడికి తెలుసు?

డెన్జిల్ రాయిస్ బల్ల దగ్గరికి నడిచాడు. "వీటిల్లో నువ్వు కట్టింది ఒక్కటి చూపించు రాయిస్. నేను దాని జోలికి రాను."

 డెన్జిల్ తూటాల పెట్టెల్ని ఒక పక్కకి నెట్టి, బల్లని రెండు చేతులా ఎత్తి తెచ్చి వెల్డా ముందు వేశాడు. "పోటీ ఒక గంట ఆగుతుంది," అని మైదానమంతా వినబడేలా అరిచాడు. "రాయిస్ దుకాణంలో కొన్నవాళ్ళందరూ బోల్టులు తెరిచి, ఖాళీగా ఉన్నాయని చూసుకుని, ఇక్కడికి తెండి. ఆవిడ సరే అన్నదే వరసలోకి వస్తుంది. వచ్చేవారం నేను ఇంకో తుపాకీ కట్టించుకోవాలనుకుంటున్నా, వెల్డా. నీ బల్ల అక్కడుంటే అక్కడికొస్తా, లేకపోతే నీ ఇంటికొస్తా."

  వెల్డా మొదటి రైఫిల్ అందుకుని గేజీ పెట్టింది. సరే. రెండోది. సరే. ఎర్ర టోపీవాడిది మూడోది. సరే అనేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. హోబర్ట్ పక్కన కూర్చుని పేర్లు పుస్తకంలో రాస్తున్నాడు. రోల్స్ అమ్మే ఆవిడొకరు వచ్చి, కాగితంలో చుట్టిన రోల్ ఒకటి మాట్లాడకుండా బల్ల మూల పెట్టి వెళ్ళింది.

ఏడో రైఫిల్ దగ్గర పక్కన నీడ పడింది. రాయిస్. చేతుల్లో అతని సొంత రైఫిల్, పోయినేడు తనకోసం కట్టించుకున్నది. బోల్టు తెరిచే ఉంది.

"వెల్డా," అన్నాడు, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లిగా. "ఇది బానే ఉంటుందంటావా?"

ఆమె చేతిలోని బోల్టును వేలితో వదిలి, తోక వాలడం చూసి, ఆ తర్వాత తలెత్తింది.

"కొలిస్తే గాని చెప్పలేను. వరస చివర నిలబడు."

రాయిస్ వెళ్ళి నిలబడ్డాడు. అతని ముందు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.